చెవిలో చెప్పే మాట

“నేను పోయేటప్పుడు నా చెవిలో కలిమా చెప్పేదెవరే?”

కింద నుంచి తెచ్చిన పాల ప్యాకెట్లు వంటగట్టు మీద పెడుతూ అంది మస్తానమ్మ. మంచం మీద దిండుకు ఆనుకుని ఫోను చూస్తున్న సబీహా తల ఎత్తలేదు.

“పొద్దున్నే మొదలుపెట్టావా అమ్మా?”

నాలుగు రోజులుగా ఇదే మాట. మస్తానమ్మ భర్త ఖాదర్‌వలికి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చి, నరసరావుపేట నుంచి దేశ రాజధానిలోని ఆర్.కె. పురం క్వార్టర్సుకు కాపురం మార్చేనాటికి సబీహా చంకలో పిల్ల. ఇప్పుడు పదకొండో క్లాసు. తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. హిందీ, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. అరబ్బీ చెప్పించడానికి మౌల్వీ గారిని పెడదామని ఏటా అనుకున్నారు. లెక్కల ట్యూషను, సైన్సు ట్యూషను అంటూ ఏటా వాయిదా వేశారు. మొన్న అల్లా ఒక్కడేననే ఆ కలిమా వాక్యం చెప్పమంటే పిల్ల సగంలో ఆగిపోయింది. ఆ రోజు మస్తానమ్మకు ముద్ద దిగలేదు.

మస్తానమ్మ చదివింది ఐదో తరగతి. అరబ్బీ అర్థం ఆమెకూ తెలియదు. చిన్నప్పుడు మసీదు అరుగు మీద పిల్లలకు చదువు చెప్పే హజ్రత్ పలికించినవి నోటికి పట్టాయి, అంతే. తెలుగు అక్షరాల్లో అచ్చువేసిన దువాల ప్రార్థన పుస్తకం ఒకటి పుట్టింటి నుంచి తెచ్చుకుంది. దాన్ని కూతురి చేతిలో పెడితే, ఈ గుండ్రటి అక్షరాలు నాకెక్కడ వచ్చని నవ్వి, ఫోనులో ఎవరో అరబ్బు గొంతు పెట్టింది.

“చూడు, ఆయన ఎట్లా అంటున్నాడో. నువ్వు అన్నీ సాగదీస్తున్నావు.”

“నాది నరసరావుపేట అరబ్బీలే. నువ్వు ఆయన దగ్గరే నేర్చుకో.”

సాకేత్‌లోని పెద్దాసుపత్రికి నాలుగు రోజుల కిందట ఇద్దరూ కలిసే వెళ్లారు. మస్తానమ్మ హిందీ ఆటోవాడి దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పక్కన కూతురు ఉండాలి. సబీహాకు వచ్చిన టైఫాయిడ్ పూర్తిగా పోయిందో లేదో కూడా అక్కడే చూశారు. జ్వరం తగ్గినా జుట్టు రాలడం ఆగలేదని పిల్ల స్కార్ఫు కట్టుకుని తిరుగుతోంది. డాక్టరమ్మ సబీహాను మంచినీళ్లు తాగి రమ్మని పంపి, మస్తానమ్మకు తెలిసేలా చిన్న చిన్న హిందీ మాటల్లో చెప్పింది. అర్థం కాకపోయుంటే బాగుండేదనుకుంది మస్తానమ్మ. తిరిగి వస్తూ ఆటోలో కూతురి చెయ్యి పట్టుకుని, తన గుండె బాగాలేదని, ఎన్నాళ్లో ఉండనని చెప్పింది. ఈ ఏడు పరీక్షలు మానేసి తన దగ్గరే ఉండమంది. సబీహా తల్లి చెయ్యి వదలకుండా బయటికి చూసింది.

అప్పటి నుంచి ఖాదర్‌వలి ఆఫీసు నుంచి పెందలాడే వస్తున్నాడు. కూతురు ఎప్పటి నుంచో అడుగుతున్న కొత్త ఫోను కొనిచ్చాడు. ఇచ్చి, ముఖం కడుక్కోవాలంటూ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. కింది వాటాలోని లలితకుమారి పులిహోర తెచ్చి, వంటింట్లో మస్తానమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పోతూ పోతూ సబీహా తల నిమిరింది.

సాయంత్రం మస్తానమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని, అన్నం కలిపి ముద్దలు పెడుతూ మళ్లీ పాఠం మొదలుపెట్టింది.

“గట్టిగా చెప్పకూడదు. అనమని బలవంతపెట్టకూడదు. పక్కన కూర్చుని మెల్లగా అంటూ ఉండాలి. పోయేవాళ్లు ఒక్కసారి అన్నారా, ఇంక మనం నోరు విప్పకూడదు. అదే ఆఖరి మాట కావాలి.”

“అల్లాకి తెలుగు రాదా అమ్మా?”

“ఎందుకు రాదు? రోజూ తెలుగులోనేగా మొత్తుకుంటున్నాను. ఇది మాత్రం ఇట్లాగే అనాలి. మీ నాయనమ్మ ఇదే అని పోయింది. ఆఫ్రికాలో పోయేవాళ్లూ ఇదే అంటారంట. ఎవరూ తెలియని చోటికి వెళ్తున్నప్పుడు అందరికీ తెలిసిన మాట ఒకటి దగ్గరుండాలి గదా.”

సబీహా ముద్ద మింగలేక కాసేపు ఆగింది. నీళ్లు తాగించి మస్తానమ్మ అంది:

“నువ్వు కూడా రోజూ పడుకునే ముందు ఒకసారి అనుకో. అన్నాక ఇంక మాట్లాడకుండా నిద్రపో.”

“నేనెందుకు?”

“అలవాటు కావాలి గదా. ఏదీ, నా చెవిలో చెప్పు.”

సబీహా ముందుకు వంగింది. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, “లా ఇలాహ ఇల్లల్లాహ్” అంది. ఈసారి ఎక్కడా ఆగలేదు. మస్తానమ్మ తిరిగి అనబోయింది. సగంలోనే ఆగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పేవాళ్లు ఏడవకూడదు” అంది చివరికి. “ఏడిస్తే పోయేవాళ్లకు కాలు కదలదంట. హజ్రత్ చెప్పేవాడు. నువ్వు ఏడవకుండా చెప్తావా, సబీ?”

కింద కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్లిపోయాడు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ ఎక్కడో దూరంగా మొదలై ఆగిపోయింది. గదిలో చీకటి పడుతున్నా ఇద్దరిలో ఎవరూ లేచి లైటు వెయ్యలేదు. మస్తానమ్మ మళ్లీ అడిగింది. పొద్దున పాల కోసం ఆయాసం లేకుండా మెట్లు దిగి ఎక్కి వచ్చిన తల్లి కాళ్ల వైపు సబీహా చూసింది. స్కార్ఫు విప్పి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు దాని అంచు మడతలు పెడుతూ కూర్చుంది. తర్వాత తల్లి కొంగుతోనే తల్లి కళ్లు తుడిచింది.

“పోయేది నేను కదమ్మా, నువ్వే ఏడవకుండా చెప్పు.”