జాగ్రత్త గల మనిషి

మార్కాపురం కిరాణా వర్తకుల్లో లక్ష్మీనరసయ్యగారంత జాగ్రత్త గల మనిషి మరొకరు లేరు. కన్నకొడుకును సైతం గల్లాపెట్టె తాకనివ్వని ఆ పెద్దాయన, కరోనా అన్న మాట చెవిన పడగానే తాళాలు కొడుకు లక్ష్మణ్ చేతిలో పెట్టి మేడగదిలో చేరారు.

చావుల లెక్కలు వింటే గుండెదడ. అందుకని టీవీనీ, ఫోన్‌నూ తానే కిందికి పంపించివేశారు. వర్తకుడికి నిజమైన వార్త కొట్టుకొచ్చే బేరగాళ్ల నోటనే వస్తుందన్నది ఆయన జీవితకాలపు నమ్మకం. మిరప ధరైనా అంతే, మనిషి చావైనా అంతే.

కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్క మూతికీ గుడ్డ లేదు. బుద్ధిలేని ఊరని ఈసడించుకుని రెక్కలు మూసేసేవారు.

ఆ ఉదయం మాత్రం ఆయనకు ప్రాణం ఉండబట్టలేదు. కొడుకు ఇడ్లీలు తెచ్చి గడప దగ్గర పెట్టగానే అడిగేశారు.

"లక్ష్మణా, ఒక్క గంట కిందికొస్తానురా. గల్లా కాడ కూర్చోని, నాలుగు మొహాలు చూసి పోతా."

లక్ష్మణ్ మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. "నీ ఇష్టం నాయనా. త్రిపురాంతకం బేరగాళ్లు చెప్పినారు, యోసేపు పోయినాడంట."

"మూటలు మోసే యోసేపా? వాడు దుక్కలాగ ఉంటాడు గదరా."

"దుక్కే. రెండు దగ్గులు దగ్గినాడంట, అంతే. మొన్న మన గల్లా ముందర నిలబడే బెల్లం కట్టించుకపోయినాడు."

గడప దాటబోయిన పెద్దాయన పాదం వెనక్కి వచ్చింది.

"మరి నువ్వెట్ల కూర్చుంటున్నావురా ఆడ?"

"ఎవురో ఒకరు కూర్చోవాల గదా నాయనా."

లక్ష్మీనరసయ్యగారి కళ్లు చెమర్చాయి. తన కోసం బిడ్డ ప్రాణాలకు తెగిస్తున్నాడు. ఇన్నాళ్లూ వాణ్ణి చేతకానివాడని నలుగురిలో తిట్టినందుకు సిగ్గేసింది.

"ఏందయ్యా, ఇంకా ఆడనే ఉండావు?" కిందినుంచి కోడలు తనూజ కేకవేసింది.

"పోరా లక్ష్మణా, పో. నా మనసు మళ్లా పీకుతాది గానీ, బయట గొళ్లెం పెట్టు. నేను బతిమాలినా తీయొద్దు."

"నువ్వు చెప్పినాక తీస్తానా."

గొళ్లెం పడింది. పెద్దాయన నిశ్చింతగా చేతులకు శానిటైజర్ రాసుకుని ఇడ్లీ తుంచారు.

లక్ష్మణ్ మెట్లు దిగి, మాస్కు తీసి మేకుకు తగిలించి, కరోనా ఊరు వదిలి పోయిన మరుసటి ఏడు పుట్టిన కూతుర్ని బండెక్కించుకుని బడిలో దింపడానికి బయలుదేరాడు.