ఎల్లన్నకు ఎల్సీ

"తాళంచెవి ఇయ్యం. ముందు స్తంభం ఎక్కు" అన్నాడు చెన్నయ్య.

కరెంటు పనికి వచ్చినతను తన మోపెడ్ వంక చూశాడు. దాని చుట్టూ పదిమంది రైతులు. తాళంచెవి చెన్నయ్య అంగీ జేబులో ఉంది.

"రేపు పొద్దుగాల ఇంకో మనిషిని తోలుకొని వస్త పెద్దనాయినా. ఒక్కన్నే ఎక్కరాదు. చేతులకు తొడుగులు గూడ లేవు."

"మూడు దినాలసంది గదే మాట. రేపటికి నా పల్లి చేన్ల ఏం మిగుల్తది, మట్టి తప్ప?"

ఇటిక్యాల మండలంలో ఓ చిన్న ఊరది. స్తంభం మీద మూడు తీగలను కలిపే ముక్కలు కాలిపోయి బోర్లన్నీ ఆగిపోయాయి. ఆ యాసంగిలో బోర్లకు కరెంటు పగలు రెండింటిదాకే. అప్పుడే పన్నెండు దాటింది. చెన్నయ్యకు రెండెకరాల చేను తప్ప ఇంకేదీ కనబడటం లేదు.

ఊరంతా అతన్ని లైన్‌మేన్ ఎల్లన్న అనేది. ఎనిమిది నెలలుగా పెబ్బేరు దిక్కు నుంచి వస్తాడు, పని చేసి పోతాడు. అంతకు మించి ఎవరూ అడిగింది లేదు. కరెంటాయనతో కరెంటు మాట తప్ప మనకు వేరే మాటేముంటుంది!

"సర్కారు జీతం తింటున్నవ్. ఎక్కుమంటే వణుకుతవేంది?" అన్నాడు మాసయ్య, పక్క చేను రైతు.

అతను ఏదో చెప్పబోయాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"ఏంది? చెప్పు."

"ఏం లేదు. ఎల్సీ అడుగుత. జర ఆగుర్రి."

ఎల్సీ అంటే లైన్ బంద్ చేశామని సబ్‌స్టేషన్ ఇచ్చే మాట. ఎవరు అడిగారో పుస్తకంలో పేరు రాసుకుని బంద్ చేస్తారు. పని అయిందని ఆ పేరుగల మనిషే చెప్పాలి. అప్పటిదాకా లైన్ వేయకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి స్విచ్చు విరిగి రెండేళ్లయింది కనుక ఆ ఊళ్లో స్తంభమెక్కేవాడి ప్రాణానికి ఆ ఒక్క మాటే కాపలా.

ఫోన్ మూడుసార్లు మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు.

"ఎత్తుతలేరు. నన్ను పోనీయుర్రి" అన్నాడు అతను.

ఒక్కరూ కదల్లేదు. పైగా ఇంకో నలుగురు చేన్లలో నుంచి వచ్చి నిలబడ్డారు.

నాలుగోసారికి ఫోన్ ఎత్తారు. వారం కింద వచ్చిన కొత్త ఆపరేటర్.

"సార్, ఎల్లన్నను మాట్లాడుతున్న. ఎల్సీ గావాలె."

"ఎల్లన్న. పన్నెండు ఇరవై. రాసుకున్న. లైన్ బంద్ చేసిన."

అతను ఫోన్ చెన్నయ్య చేతిలో పెట్టాడు. "పట్టుకో పెద్దనాయినా. మోగితే ఎత్తి, ఇంకా మీదనే ఉన్నడని చెప్పు."

ఎక్కేముందు కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు. తమను తిట్టుకుంటున్నాడని మాసయ్య నవ్వాడు.

పావుగంట గడిచింది. ఫోన్ మోగలేదు.

"రెండు తీగలు అయినయ్. ఇంకొక్కటే" అని పైనుంచి కేకేశాడు.

చెన్నయ్య మొహం వెలిగింది. "మాసయ్యా, బోరు కాడికి ఉరుకు. కరెంటు రాంగనే మోటర్ వెయ్యి" అన్నాడు.

మాసయ్య ఉరికాడు.

కాసేపటికి స్తంభం మీద టప్‌మని చప్పుడైంది.

ఆ వెంటనే బోరు గుడిసె దగ్గర నుంచి మాసయ్య సంబరంగా అరిచాడు. "కరెంటొచ్చింది! చెన్నన్నా, కరెంటొచ్చింది!"

స్తంభమెక్కినతను అప్పటికే నేల మీద పడి ఉన్నాడు. రెండు చేతులూ నల్లగా మాడిపోయాయి.

చెన్నయ్య అతని దగ్గరికి ఉరికాడు. చేతిలోని ఫోన్‌లో పచ్చ బటన్ నొక్కాడు. అది ఇందాకటి నంబరుకే పోయింది.

"ఎవడయ్యా లైన్ వేసింది? మా లైన్‌మేన్ ఎల్లన్న స్తంభం మీద ఉండె!"

"స్తంభం మీదనా?" అన్నాడు ఆపరేటర్. "ఎల్లన్న ఇప్పుడే వచ్చి నా ముందట కూసున్నడు. చాయ్ తాగుతుండు. మనిషే వచ్చిండు గదా, పని అయిపోయిందనుకొని వేసిన."

చెన్నయ్యకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

జీపులో గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు నాడి చూశాడు. కళ్లు చూశాడు. దుప్పటి మొహం మీదికి లాగాడు.

"పేరేంది?" అన్నాడు కాగితం తీసి.

వచ్చినవాళ్లు ఆరుగురు. ఎల్లన్న సబ్‌స్టేషన్‌లో చాయ్ తాగుతున్నాడని చెన్నయ్య దారిలోనే చెప్పాడు, మరి ఇతని పేరేమిటో ఆరుగురికీ తెలియదు.

"మీ ఊరి మనిషే గదా? పేరు తెల్వదా?"

చెన్నయ్య అంగీ జేబులోని మోపెడ్ తాళంచెవి తీసి చూశాడు. వద్దంటున్నవాణ్ని తనే ఎక్కించాడు. పోతానంటే పోనీయలేదు. చేసింది తనే. ఎవరి మీదికీ నెట్టేందుకు లేదు.

అప్పుడు చెన్నయ్య చేతిలోని ఫోన్ మోగింది. రూపాయి వేసి మాట్లాడే బాక్సు నుంచి ఎవరో ఆడమనిషి.

"బేటా, ఖానా ఖాయా?" అన్నం తిన్నావా అని అడుగుతోందామె.

"అమ్మా... నేను వేరే మనిషిని. ఇది లైన్‌మేన్ ఎల్లన్న ఫోనేనా?"

"కాదు నాయినా" అందామె. గొంతులో ఇంకా ఏ భయమూ లేదు. "ఎల్లన్న సారుది నౌకరి. ఏనాడన్న నౌకరి ఇప్పిస్తనని చెప్పిండని, పైస లేకుండ ఉత్తపున్నానికి ఆయన పేరు మీద స్తంభాలెక్కేది నా కొడుకు జహంగీర్."