స్టార్ తొంభై తొమ్మిది హాష్

డాంగిల్‌కు ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

కంప్యూటర్ మాత్రం తనకేమీ కనపడలేదన్నట్టే ఉంది.

"వస్తదా అక్కా?" అని అడిగింది మల్లి. అట్లా అడగడం అది పదోసారి.

"వస్తది. రాక యాడికి పోతది?" అంది స్వర్ణలత. ఆ మాట మీద తనకే నమ్మకం లేదు.

పుల్లలచెరువు అవతల, అడవికి ఆనుకున్న ఆ ఊళ్లో ఆమెది ఒక్కటే నెట్ సెంటర్. రోడ్డు పనుల్లో కేబుల్ తెగి మూడు రోజులుగా చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ నెట్ లేదు. ఫోన్లో మాట వినపడటమే గొప్ప. ఇక మిగిలింది సిమ్ వేసి కంప్యూటర్‌కు నెట్ ఇచ్చే ఈ పాత డాంగిల్.

నిన్నటికి నిన్న, కంప్యూటర్ నత్తలా నడుస్తోందని మార్కాపురం మోసుకెళ్లి కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకొచ్చింది. నాలుగేళ్లు కలిసి పనిచేసిన డాంగిల్‌ను కంప్యూటర్ ఇప్పుడు గుర్తే పట్టడం లేదు.

మల్లికి పాలిటెక్నిక్ సీటు వచ్చే ర్యాంకు ఉంది. ఏ కాలేజీలు కావాలో ఆప్షన్లు పెట్టడానికి ఈ రోజే ఆఖరు. సాయంత్రం ఐదింటికి వెబ్‌సైటు మూసేస్తారు.

"మార్కాపురం పోయేదా?" అని పొద్దున్నే అడిగాడు మల్లి తండ్రి రంగయ్య.

"ఎందుకు మామా? అర్ధగంట పని" అని స్వర్ణలతే ఆపింది.

ఆ బస్సు వెళ్లిపోయింది. మళ్లీ ఐదింటికే.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, మాసిన చొక్కా, మోకాళ్ల దాకా దుమ్ము. ఎక్కడినుంచో నడిచి వచ్చినట్టున్నాడు.

"నెట్ వస్తా ఉందా తల్లీ?"

"రాలేదు. బస్సు కోసమైతే ఆ బల్ల మీద కూచో పెద్దాయనా."

ఆయన కూర్చున్నాడు. కాసేపు చూశాడు.

"కంప్యూటర్ ఆ డాంగిల్‌ను నెట్‌ది అనుకోకుండా సీడీ అనుకుంటా ఉందమ్మా. నేనొకసారి చూడనా?"

స్వర్ణలతకు ఒళ్లు మండింది. మార్కాపురం కుర్రాళ్లకే ఫోన్లో అంతుపట్టలేదు. ఈయనెవరు?

"నువ్వు ముట్టుకోబాక. ఉన్నది గూడా పోతది."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రెండయింది. స్వర్ణలత డాంగిల్ తీసి పెట్టింది. మూడయింది. కంప్యూటర్ ఆపి లేపింది. మార్కాపురానికి ఫోన్ చేస్తే, "రేపు పట్టకరా అక్కా, చూస్తాం" అన్నారు.

రేపు!

రంగయ్య లోపలికి వస్తాడు, బయటికి పోతాడు. ఏం అడగాలో కూడా ఆయనకు తెలియదు. బోరు ఎండిపోయిందంటే ఎక్కడ చూడాలో తెలుసు. ఇది ఎక్కడ ఎండిపోయిందో ఎట్లా తెలుస్తుంది?

నాలుగు దాటాక మల్లి ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం లేకుండా, గోడవైపు తిరిగి.

స్వర్ణలత కుర్చీలోంచి లేచింది. "చిన్నాయనా, నీకు నిజంగా తెలుసా దీని సంగతి?"

"మార్కాపురం బస్టాండు కాడ ఆరేళ్లు ఇవే అమ్మినా తల్లీ. ఫోన్లలోనే నెట్ వచ్చినాక ఇవి ఎవురు కొంటారు?"

ఆయన వచ్చి కూర్చున్నాడు. డాంగిల్ తాలూకు పాత సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేశాడు. కంప్యూటర్ ఆపి, డాంగిల్‌ను వెనకవైపు గుచ్చి, మళ్లీ లేపాడు.

"దీనితో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఈ కొత్తదాంట్లో పనిచేయదు. మనమే చేత్తో డయల్ చేయాల."

ఒక్కో వేలితో మెల్లగా కొట్టాడు. స్టార్, తొమ్మిది, తొమ్మిది, హాష్.

ఎర్ర లైటు పోయి నీలం లైటు వెలిగింది. నిలబడింది.

నాలుగూ ఇరవై.

"వచ్చింది నాయనా!" అని మల్లి అరిచింది.

కుర్చీలోంచి లేవబోతూ ఆయన గడియారం చూశాడు. మల్లి మొహం చూశాడు.

"నీ పనేంది చిన్నాయనా?" అంది స్వర్ణలత, మల్లి హాల్‌టికెట్ ముందేసుకుంటూ.

"ముందు ఆ బిడ్డది కానీ. పొద్దుట్నుంచి కూచోనుంది."

నెట్ వచ్చిందన్న మాటేగానీ, ఒక్కో పేజీ తెరుచుకోవడానికి ఐదేసి నిమిషాలు పట్టింది. ఒంగోలు కాలేజీ, కందుకూరు కాలేజీ, అద్దంకి కాలేజీ. ఒకసారి మధ్యలో తెగిపోతే ఆయనే మళ్లీ డయల్ చేశాడు. నాలుగూ యాభై ఎనిమిదికి "ఆప్షన్లు నమోదయ్యాయి" అని వచ్చింది.

రంగయ్య తెరకు దండం పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు, నీదేంది?" అంది స్వర్ణలత ప్రింటు తీస్తూ.

"ఏం లేదులే తల్లీ. బస్సొచ్చే టైమయింది."

ఆయన గుమ్మం దిగి వెళ్లిపోయాడు. బస్సు కదిలిన చప్పుడు విన్నాకగానీ ఆమెకు గుర్తు రాలేదు, పేరైనా అడగలేదని.

ఆ సాయంత్రం వచ్చిన వాళ్లందరికీ ఆయన సంగతి చెప్పింది. ఎవరికీ ఆయన తెలియదు. "మళ్లీ ఈ దారిన వస్తే టీ అన్నా ఇప్పించాల" అనుకుంది.

మర్నాడు సెంటర్ తెరిచేసరికి గుమ్మం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. మల్లి వయసే ఉంటుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఎవురమ్మా నువ్వు?"

"తబస్సుమ్ అక్కా. ముస్తాక్ అహ్మద్ కూతుర్ని. నిన్న మా నాయన నా పాలిటెక్నిక్ ఆప్షన్లు పెట్టిద్దామని మీ దగ్గరికి వచ్చినాడు గదా, సాయంత్రం దాకా మీకు నెట్ రానే లేదంట, ఇంకేమన్నా దారి ఉందేమో అడుగుదామని వచ్చినా."