అరకునుకు

వాక్యం సగంలో ఉండగా పాప లేచింది.

తల్లి బట్టల అలమరలోంచి తల బయటపెట్టింది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. చుట్టూ బట్టలుంటే గొంతు గింగురుమనదని అలమరలోనే మైకు పెట్టుకుని, వేలాడే చీరల మధ్య కూర్చుని చదువుతుంది. వీధి రొదను ఆ బట్టలు బాగానే ఆపుతాయి గానీ, ఆరు నెలల పిల్ల గొంతు ముందు వాటి ఆటలు సాగవు.

"లేచిందమ్మా మన అరకునుకు," అంటూ మామగారు పాపను భుజాన వేసుకుని వచ్చారు. ఆ ముద్దుపేరు ఆయన పెట్టిందే. రాత్రంతా బుద్ధిగా పడుకునే పిల్లకు పగలు కళ్లు మూస్తే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది. పాలు కాగేంతసేపు పడుకుని లేచి, ఇక ఇల్లు పీకి పందిరి వేస్తుంది.

ఆఖరి పాఠం సాయంత్రంలోగా పంపాలి. పిల్లలకు మర్నాడే పరీక్ష. పైగా కిందటిసారి పంపిన సముద్రాల పాఠంలో, అలల గురించి చెబుతుండగా పాప ఏడుపు వినబడిందట. ఇంకోసారి ఇలా అయితే వేరే గొంతు చూసుకుంటామని ఆఫీసువాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. మర్యాదగా చెప్పారు కాబట్టే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఏం చేయాలో తోచక, పాపకు టీకాలు వేసే నర్సుకు ఫోన్ చేసింది. నర్సు ఓపిగ్గా చెప్పింది. కళ్లు నలుపుకోగానే పడుకోబెట్టాలి, అలిసి సొలిసేదాకా ఆగకూడదు. మధ్యలో కదిలితే గబుక్కున ఎత్తుకోకుండా పక్కనే ఉండి చెయ్యి వేసి ఉంచితే మళ్లీ తనే నిద్రలోకి జారుకుంటుంది. అన్నిటికంటే ముందు గది బాగా చీకటిగా ఉండాలి.

చీకటి అనే మాట వినగానే మామగారి మొహం వెలిగిపోయింది. ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా జీవితమంతా చీకట్లోనే కూర్చున్న మనిషి.

"చీకటి సంగతి నాకొదిలెయ్. నువ్వెళ్లి చదువుకో," అన్నారు.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను విప్పి కిటికీకి అడ్డంగా మేకులు కొట్టారు. తలుపు కింద సందులో పాత తువ్వాలు దూర్చారు. కళ్లు నలుపుకుంటున్న పాపను తీసుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆమె అలమరలో దూరి మొదటి పేజీ తీసింది. ఎవరో వెంటపడి తరుముతున్నట్టు చదివింది. ప్రతి వాక్యం చివరా ఏడుపు కోసం చెవి రిక్కించింది. రోజూ పాప లేచే వేళ అయింది. హెడ్‌ఫోన్స్ తీసి విన్నది. ఏమీ లేదు. ఇంకో పేజీ అయింది. అప్పుడూ లేదు.

ఉండబట్టలేక, పిల్లిలా అడుగులేస్తూ వెళ్లి గది తలుపుకు చెవి ఆనించింది. పాప కదిలిన చప్పుడు లేదు. పొద్దస్తమానం దగ్గే మామగారు ఒక్కసారైనా దగ్గలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఉంటుందని ఆమె మరిచిపోయింది. హమ్మయ్య అనుకుంది, ఆ వెంటనే ఇంత నిశ్శబ్దమేమిటని చిన్న అనుమానం కూడా వచ్చింది. తలుపు కిర్రుమంటే అంతా పాడవుతుందని తియ్యకుండానే వెనక్కి వచ్చేసింది.

ఈసారి తొందరపడలేదు. ఆ దొరికిన నిశ్శబ్దాన్ని ఒలకనివ్వకుండా మోస్తున్నట్టు మెల్లగా, హాయిగా చదివింది. తన గొంతు ఇంత బాగుంటుందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. పాఠం పూర్తయింది. పంపేసింది. బాగుందని, వచ్చే ఏడాది పుస్తకాలూ ఆమే చదవాలని ఆఫీసు నుంచి జవాబు వచ్చేసింది. పాప ఇంకా లేవలేదు.

ఇక ఆగలేక తలుపు కొద్దిగా తీసి, లోపలికి జారి, వెంటనే మూసేసింది. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అలాగే నిలబడింది.

ఎదుటి గోడ మీద వీధి నడుస్తోంది.

తలకిందులుగా, రంగులతో సహా. ఎదురింటి చెట్టు పైకప్పు నుంచి వేలాడుతూ ఆకులు కదుపుతోంది. ఎర్ర బస్సొకటి చక్రాలు పైకి పెట్టుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఎవరో గొడుగును తన కింద పట్టుకుని నడుస్తున్నారు. కింద, నేల దగ్గర, ఆకాశం ఉంది. అందులో ఒక తెల్లమబ్బు ఆమె కాలివేళ్ల పక్కనుంచి పోతోంది. రోజూ తను పాలకు వెళ్లే వీధే అది. ఇంత అందమైన వీధిలో ఉంటున్నామని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

మామగారు పాపను ఒళ్లో ఆనించుకుని నేల మీద కూర్చున్నారు.

"మేకు ఊడొచ్చి అట్టకి చిల్లు పడిందమ్మా," అని గుసగుసగా చెప్పారు. "మూద్దామని వేలు పెట్టబోతుంటే, అందులోంచి పడ్డ వెలుగులో గోడ మీద ఇది కనబడింది. మిషను లేదు, రీలు లేదు. ఇన్నేళ్లు బొమ్మలాడించాను గానీ, ఒక్క చిల్లు చాలని నాకు తెలీదు."

ఆమె వాళ్ల పక్కన చతికిలబడింది. పాప కళ్లు చక్రాల్లా విప్పుకుని చూస్తోంది. సైకిలొకటి వస్తే దానితో పాటే తల తిప్పింది. ఇంతసేపు పడుకున్నందుకే పిల్ల మొహం ఇంత తేటగా ఉందని తల్లి మురిసిపోయింది. నర్సుకు సాయంత్రం ఫోన్ చేసి తప్పకుండా చెప్పాలనుకుంది.

"ఎప్పుడు లేచింది మామయ్యా?" అని మెల్లగా అడిగింది.

మామగారు గోడ మీంచి చూపు తిప్పలేదు.

"పడుకుంటే కదమ్మా, లేవడానికి."