కవరు లేని కంకి

"రాజమన్నా, యల్లా, జల్ది రా! బండి పోతది!" కువైట్‌లోని కబ్ద్ తోట గేటు దగ్గర్నుంచి నర్సింగ్ కేకేశాడు.

"ఒక్క తడి వెట్టొస్తరా. ఎండవెట్టి పోవుడెట్ల?" అంటూ చిన్నరాజం బకెట్టు పట్టుకుని చీకటి గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లాడు. ఇరాక్ సైన్యం వచ్చినప్పటి నుంచి కరెంటు లేదు. టమాటాలు ఎప్పుడో వాడిపోయాయి. పరిశోధన కోసం పెంచిన మొక్కజొన్న ఒక్కటే ఇంకా నిలబడి ఉంది.

ఆ మొక్కజొన్నే, పరిశోధన నడిపిన శాస్త్రవేత్త డాక్టర్ హమ్దీకి ప్రాణం. పరాయి పుప్పొడి పడితే విత్తనం చెడుతుందని, కవరు లేని కంకి కంటబడితే ఊరుకునేవాడు కాదు. వెంటనే కాగితం కవరు తొడిగి స్టాప్లర్ కొట్టేవాడు. నిన్న సైనికులు ఆయన్ని కాల్చేస్తే వీళ్లిద్దరే ఇసుకలో పూడ్చారు. స్టాప్లర్ ఆయన కోటు జేబులోనే ఉండిపోయింది.

చివరి సాలులో టక్కుమని చప్పుడైంది.

చిన్నరాజం బకెట్టు దించాడు. మళ్లీ టక్కుమంది, ఈసారి పక్క సాలులోనే.

"నర్సింగూ, నువ్వేనారా?"

"నేను గేటు కాడనే ఉన్ననే!" దూరం నుంచి జవాబొచ్చింది.

చప్పుడు ఆగిపోయింది. మొక్కల మధ్య, మొక్కంత ఎత్తున, ఊపిరి బిగబట్టి నిలబడిపోయాడు చిన్నరాజం.

సరిగ్గా అతని తలపైన, ఖాళీ కాగితం కవరు నోరు మెల్లగా తెరుస్తున్న చప్పుడు వినిపించింది.