బుచ్చమ్మ మనవలు

“అబద్ధమైనా కొంచెం కొత్తగా చెప్పండి అనుదీప్ గారూ!” అంది సంహిత, ల్యాప్‌టాప్ అతని వైపు తోస్తూ.

తెర మీద అనుదీప్ దరఖాస్తు ఉంది, ఒక కార్ల ఆటను మార్చి కట్టిన ‘మాడ్’ తమదేనని. పంజాగుట్టలో ఆటలు తయారుచేసే ఆ చిన్న కంపెనీకి, తన జట్టులో ఎవరికీ చెప్పకుండా ఇంటర్వ్యూకు వచ్చాడతను. ఈ ఉద్యోగం దొరికితే ఎస్.ఆర్. నగర్‌లో వాళ్ల గది నిలబడుతుంది. గది నిలబడితే జట్టు నిలబడుతుంది. వాళ్లు ఎదురుచూస్తున్న కొత్త ఆట విడుదల వాయిదా పడ్డ ప్రతిసారీ తారక్, మానస ‘ఇక చాలు’ అని లేస్తున్నారు. దినేశ్ ఒక్కడే ‘ఫికర్ చెయ్యకు అన్నా’ అంటాడు. బేగంపేటలో వాళ్ల మామ బట్టల దుకాణంలో లెక్కలు రాసిన జీతమంటూ గది కిరాయి తానే కట్టేస్తాడు. చిన్నవాడి కష్టం తింటున్నానని అనుదీప్‌కు అన్నం సయించడం లేదు.

“అబద్ధం కాదు మేడమ్. ఆ మాడ్ మాదే. విదేశీ కార్ల ఆటల వాళ్ల రోడ్లు తీసేసి, మన పంజాగుట్ట, అమీర్‌పేట రోడ్లు పెట్టినం. నలుగురం కూసొని గుంత గుంత కట్టినం.”

“అయితే తెరిచి చూపించండి.”

“తెరుచుకోదు మేడమ్. ఆట నడిచే ఇంజినే మార్చేసిండ్రు ఆ విదేశీ కంపెనోళ్లు. పాత ఇంజిన్ మీద కట్టినయన్నీ ఒక్క దెబ్బకు పోయినయి. కొత్త ఆట విడుదలైతే గానీ మళ్ల కట్టుకోనీకి రాదు. ఆ ఆటేమో వాయిదా మీద వాయిదా.”

“ఇంజిన్ సంగతేనా? ఇందాక వచ్చినాయన కూడా దాన్నే తిట్టిపోశాడు.”

“ఎవరు వచ్చిండ్రు?”

“ఈ మాడ్ చేసినాయన. అంతకు ముందు వచ్చినాయన కూడా ఇదే చేశాట్ట.”

అనుదీప్ కుర్చీలో ముందుకు జరిగాడు.

“మేడమ్, ఒక్క మాట చెప్త. మా మాడ్‌ల ఫ్లైఓవర్ కింద ఒక టీ బండి ఉంటది. దాని మీద బుచ్చమ్మ అని పేరు. బుచ్చమ్మ మా నాయనమ్మ. నన్ను చంకనేసుకొని పెంచింది. ఆమె పోయిన్నాడు గా పేరు నేనే రాసిన. ఆమె ఎవరో నాకు గాక ఇంకెవరికి ఎరుక?”

సంహిత నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు.

“ఏంటండీ, బుచ్చమ్మ గారికి ఎంతమంది మనవలు? పొద్దుటి నుంచి మీరు నాలుగోవారు. ఇందాకటి మనవడైతే ఆవిడను తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు పాపం. మీరు అదైనా చేయలేదు.”

“మేడమ్, జర నా మాట ఇనుండ్రి...”

“అమీర్‌పేటలో ఏ ఇన్‌స్టిట్యూటో గానీ మీ అందరినీ బాగానే తయారుచేస్తున్నారు. వెళ్లిరండి.”

బయట వరండాలో ఒక కుర్రాడు టై సర్దుకుంటూ, కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకున్నట్టు పెదవులు కదుపుతున్నాడు. అనుదీప్ దగ్గరికి వెళ్లి విన్నాడు.

“బుచ్చమ్మ మా నాయనమ్మ... బుచ్చమ్మ మా నాయనమ్మ...”

అనుదీప్ అతని గల్లా పట్టుకున్నాడు. “ఎవర్రా నీకు నాయనమ్మ?”

కుర్రాడు బెదిరిపోయాడు. అనుదీప్ చేతిలో ఫైలు చూశాక తేలికపడ్డాడు.

“ఓ, నువ్వు సుత మనోనివేనా అన్నా! లోపల ఏమడిగిండ్రు? టీ బండి అడిగిండ్రా?”

“నీకు ఎవడు చెప్పిండు టీ బండి గురించి?”

“అదేంది, మన సారే గదా. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల, పైన. మస్తు చెప్తడన్నా సారు. నాయనమ్మ ముచ్చట వచ్చినప్పుడైతే ఆయనకే గొంతు పూడుకపోతది. నీది పొద్దటి బ్యాచా, ఏంది?”

అనుదీప్ మెట్లు దిగుతూనే దినేశ్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరూ కలిసి వెళ్లి ఆ దొంగను పట్టుకోవాలి. దినేశ్ ఎత్తలేదు. మెసేజ్ వచ్చింది. ‘షాపుల గిరాకీ ఉన్నదన్నా. జరసేపైనంక చేస్త.’

పాపం వాడి పనిలో వాడు ఉన్నాడనుకుని, అనుదీప్ ఒక్కడే ఆటో ఎక్కాడు.

మైత్రీవనం వెనక సందులో ఒకదాని మీద ఒకటి బోర్డులు. మెట్లెక్కి, చెప్పులు గుట్టపడి ఉన్న గుమ్మం చూసి లోపలికి జొరబడ్డాడు. గది చీకటిగా ఉంది. గోడంత తెర మీద వెలుగు. ఆ వెలుగులో పంజాగుట్ట ఫ్లైఓవర్, దాని కింద ఒరుసుకుంటూ పోతున్న ఆటోలు, టీ బండి మీద లేస్తున్న ఆవిరి.

అనుదీప్ ఉన్నచోటనే ఆగిపోయాడు. అతని వీధి. చచ్చిపోయిందనుకున్న వీధి. ఎవరో కొత్త ఇంజిన్ చొరబడకుండా, ఇంటర్నెట్ తగలనివ్వకుండా, ఒక పాత కంప్యూటర్లో దాన్ని ప్రాణాలతో దాచిపెట్టారు. వచ్చిన పని మరిచిపోయి, కళ్లార్పకుండా ఆ బండినే చూశాడు.

“బుచ్చమ్మ మా నాయనమ్మ!” అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

అనుదీప్ ఒళ్లు భగ్గుమంది. గోడ తడిమి లైటు వేశాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. తెర పక్కన చేతిలో మైకుతో నిలబడ్డ సారు కూడా తిరిగాడు.

దినేశ్.

“మా నాయనమ్మను అమ్ముకుంటున్నవారా?” అన్నాడు అనుదీప్.

దినేశ్ తల దించలేదు. మైకు ఆపి బల్ల మీద పెట్టాడు. బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చి, పిల్లలకు వినబడకుండా అన్నాడు.

“ఆట వాయిదా పడ్డదన్నా. రూం కిరాయి ఒక్కపారన్న వాయిదా పడ్డదా?”