పేరు మారిన కార్డు

"తుర్గునాలీ గారూ, వైర్లు ముట్టుకోవద్దని ఆవిడకి చెప్పండి," అన్నాడు జుమాదిల్.

ఆవిడ, అంటే బెగాయిమ్, రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది. ఆమె ఈ ఆఫీసులో చేరి మూడు నెలలైనా జుమాదిల్ ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. రాజధాని బిష్కెక్‌లో మంచి ఉద్యోగం వదులుకుని ఈ కొండల్లోకి వచ్చిందంటే కంప్యూటర్లు చూసుకునే తన కుర్చీకి ఎసరు పెట్టడానికేనని అతని అనుమానం. తనకంటే ముందు ఆమెకు టీ పోసినా అతని ఒళ్లు మండేది.

మంచు జారే ప్రమాదం కనిపెట్టి కనుమ దారి మూయించే కార్యాలయం అది. పొద్దున కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. అప్పటినుంచి కొండమీది మంచు కొలతలు రావడం లేదు.

"గంటలో రాకపోతే దారి మూసేస్తా," అన్నాడు అధికారి తుర్గునాలీ. "కాన్పుకి తీసుకొస్తున్న మనిషి అవతలే ఆగిపోతుంది."

జుమాదిల్ వైర్లు మార్చాడు. పెట్టెలన్నీ ఆపి మళ్లీ వేశాడు. లాభం లేకపోయింది.

"అగాయ్, ఒక్కసారి నేను చూడనా?" అంది బెగాయిమ్, తమ భాషలో గురువుని పిలిచినట్టు. అతను వినబడనట్టు ఇంకో వైరు పీకాడు.

"చూడమ్మా, చూడు!" అన్నాడు తుర్గునాలీ.

ఆమె కూర్చుని ఎనిమిది నిమిషాల్లో ఒక్క వరుస మార్చింది. తెరమీద అంకెలు కదిలాయి.

"బతికించావు తల్లీ!" అంటూ తుర్గునాలీ ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

జుమాదిల్ ఇక ఆగలేకపోయాడు. "ఏం చేశావు?"

"కొత్త సిస్టమ్ నెట్‌వర్క్ కార్డుకి పేరు మార్చేసింది అగాయ్. సెట్టింగుల్లో పాత పేరే ఉండిపోయింది. సరిచేశానంతే."

"నీకెలా తెలుసు?"

"పదేళ్ల కింద నెట్‌లో కంప్యూటర్ సందేహాలకి ఒకాయన మారుపేరుతో జవాబులు రాసేవారు. అవి చదివే ఈ పని నేర్చుకున్నా."

ఇప్పుడా మనిషి మీద కూడా కుళ్లు పుట్టింది జుమాదిల్‌కి. "ఏమిటంత గొప్ప?"

"ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా విసుక్కునేవారు కాదు."

"అంత మహానుభావుణ్ణి వెతుక్కుంటూ పోకపోయావా?"

"పోయాను. ఆయన ఊరు తెలుసుకోడానికే ఏడాది పట్టింది."

"దొరికాడా మరి?" అన్నాడు ఎగతాళిగా.

బెగాయిమ్ తెరమీంచి చూపు తిప్పలేదు.

"దొరికారు అగాయ్, ఇవాళే మొదటిసారి నాతో మాట్లాడారు."